తుక్కు సారు బూట్లు

మా ఆయన్ని ఆఫీసులో అందరూ తుక్కు సారు అంటారు. వెనకాల అంటారని ఆయన అనుకుంటారు గానీ, ఎదురుగానే అంటారు. ఈయనకే వినపడదు. ఎడమ చెవి పనిచెయ్యడం మానేసి పదిహేనేళ్ళయింది. ఇరవై ఎనిమిదేళ్ళు యంత్రాల షెడ్లలో తిరిగిన మనిషికి రెండో చెవైనా మిగలడం మా అదృష్టం.

ఆయన ఉద్యోగమేమిటో చుట్టాలకి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. జనం పొదుపు చేసుకున్న డబ్బంతా పోగుచేసి కంపెనీల్లో వాటాలు కొనే ఫండ్ ఆఫీసు అది. ఏ కంపెనీలో పెట్టుబడి పెట్టాలన్నా, అక్కడ నిజంగా పని జరుగుతోందా, లేక రంగుల పుస్తకాలు అచ్చేసుకుని కూర్చున్నారా అని ముందు ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి. ఆ ఎవరో ఒకరు మా ఆయన. బస్సులో వెళ్తారు, బస్సులో వస్తారు. పెట్టుబడుల ఆఫీసు అనగానే మేమేదో డబ్బులో మునిగి తేలుతున్నామనుకునే మా పిన్ని, మా ఇంటి సోఫా చూశాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వేరే వాళ్ళయితే వెళ్ళగానే ఓనరు గదిలో కూర్చుని టీ తాగుతారు. ఈయన నేరుగా షెడ్డు వెనక్కి, తుక్కు డబ్బాల దగ్గరికి నడుస్తారు. లోహాన్ని కోసినప్పుడు రాలే పొట్టు చేత్తో తీసి, వెలుతురులో తిప్పి చూసి, ఏ లోహం కోశారో, కత్తికి పదునుందో లేదో, ఎన్నాళ్ళుగా కోస్తున్నారో చెప్పేస్తారు. జేబులో చిన్న అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది అతుక్కోని పొట్టయితే ఇంటికి తెచ్చి, మా వాష్‌బేసిన్ పక్కన తెల్ల టైలును తడిపి దాని మీద గీసి చూస్తారు. తుడిస్తే పోయే గీతలు కొన్ని. టైటానియం గీత మాత్రం ఎంత తోమినా పోదు. అది ఖరీదైన లోహం, విమానాలకీ రాకెట్లకీ వాడేది. మా ఇంట్లో పెళ్ళి ఫోటోల కంటే ఆ టైలు మీద గీతలే ఎక్కువ.

"మనుషుల్ని అడిగితే అబద్ధం చెప్తారే. తుక్కుకి అంత తెలివి లేదు" అనేవారు. అందుకే ఎవర్నీ ఏమీ అడిగేవారు కాదు. ముందుగా చెప్పి వెళ్ళేవారూ కాదు. చెప్పి వెళ్తే ముస్తాబు తప్ప ఇంకేం చూపిస్తారని ఆయన పట్టుదల.

ఈ ఉద్యోగంలో నాకూ సగం వాటా ఉంది, జీతమే లేదు. పెళ్ళికి ముందు నేను టైపిస్టుని. ఆయన భోజనాల గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్తుంటే రిపోర్టు టైపు చేసేది నేను. ఆయన మాట్లాడేది సగం మింగేస్తారు, ఆ సగం నేను పూరిస్తాను. ఆయన రిపోర్టుల్లో భాష బాగుంటుందని ఆఫీసులో మెచ్చుకున్నప్పుడల్లా ఈయన తల ఊపి ఊరుకునేవారు. ఒక్కసారైనా "అది మా ఆవిడదండీ" అన్న పాపాన పోలేదు.

నా రెండో పని బూట్లు. షెడ్లలో తిరిగిన బూట్ల అడుగున లోహపు పొట్టు ఇరుక్కుంటుంది. మా అమ్మాయి పాకే వయసులో ఒకటి దాని మోచేతిలో దిగి చీము పట్టింది. ఆ రోజు నుంచీ నాది ఒకటే కట్టుబాటు. ఈయన గుమ్మంలోనే బూట్లు విప్పాలి. నేను పేపరు పరిచి, పాత స్క్రూడ్రైవరుతో అడుగంతా గీకి, పేపరు మడిచి చెత్తబుట్టలో పడేయాలి. ఆ తర్వాతే లోపలికి రావడం, కాఫీ, రిపోర్టు. ముందు బూట్లు, తర్వాత టైపు. ఇరవై ఏళ్ళ పైన ఇదే వరస.

ఆయన జీవితంలో గొప్పగా చెప్పుకునే కథ ఒక్కటే. అది అన్నదమ్ముల కథ. పన్నెండేళ్ళ క్రితం ఇద్దరు అన్నదమ్ములు, ఉపగ్రహాల్లో ఇంధనాన్ని ఆపే చిన్న వాల్వులు టైటానియంతో చేస్తున్నాం, పెట్టుబడి పెట్టండి అని వచ్చారు. ఈయన సాయంత్రం పూట చడీచప్పుడు లేకుండా వెళ్ళారు. యంత్రం కొత్తది, తళతళలాడుతోంది. తుక్కు డబ్బా ఖాళీ. "ఈ యంత్రం మీద టైటానియం ఒక్కసారైనా కోసిన దాఖలా లేదు. ఇది ప్రదర్శనకు పెట్టిన యంత్రం" అని రాయించారు. టైపు చేసింది నేనే. ఫండ్ చేతులు దులుపుకుంది, అది చూసి మిగతావాళ్ళూ దులుపుకున్నారు, ఏడాది తిరక్కుండా షెడ్డు మూతపడింది. ఏ శుభకార్యానికి వెళ్ళినా "బావా, ఆ అన్నదమ్ముల కథ చెప్పు" అని మా తమ్ముడు అడగడం, ఈయన గొంతు సవరించుకోవడం, ఖాళీ డబ్బాలోకి తొంగిచూసినట్టు అభినయించడం, అందరూ నవ్వడం. నేనూ నవ్వేదాన్ని.

మూడేళ్ళ నుంచీ ఆఫీసు గాలి మారింది. పంపులు, బేరింగులు అడిగే నాథుడు లేడు. ఎవర్ని చూసినా రక్షణ, భద్రత, అంతరిక్షం. డ్రోన్లు చేసేవాళ్ళు, సరిహద్దు కెమెరాలు చేసేవాళ్ళు, రాకెట్ ముక్కలు చేసేవాళ్ళు. కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగులు కుర్చీలోంచి లేవకుండా, ఉపగ్రహం తీసిన ఫోటోల్లో ఫ్యాక్టరీ ముందు లారీలు లెక్కపెట్టి రిపోర్టు ఇచ్చేస్తున్నారు. ఈయనకి నెలకి ఒకటో రెండో పడేస్తున్నారు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కితే ఆయాసం. పదవీ విరమణకి ఇంకా నాలుగు నెలలుంది. "ఇక చాల్లే అనిపిస్తోందే" అని బూట్లు విప్పుతూ రోజుకోసారి అనేవారు.

ఒకసారి నాకు ఉండబట్టక అడిగాను.

"ఇవన్నీ చివరికి ఎవరి నెత్తిన పడతాయండీ?"

"మనవాళ్ళు డబ్బు పెట్టేది నెత్తిన పడేదాని మీద కాదే. దాన్లో ఉండే స్క్రూ మీద."

"ఆ స్క్రూ లేకపోతే అది పడదుగా?"

ఈయన పక్కకి తిరిగి, "నాకు నిద్రొస్తోంది" అన్నారు. అప్పటికి మధ్యాహ్నం మూడయింది.

పోయిన నెల ఒక మంగళవారం ఇంకో షెడ్డుకి పంపారు. సైన్యానికి విడిభాగాలు చేసే చోటు. భర్త పోయాక ఆయన భార్యే నడిపిస్తోంది, అందరూ ఓనరమ్మ అంటారట. అరవై మంది పనివాళ్ళు. పెద్ద ఆర్డరు వచ్చింది, ఇంకో రెండు యంత్రాలు కొంటే తప్ప సమయానికి ఇవ్వలేరు. ఫండ్ డబ్బు పెడితే నిలబడతారు, లేకపోతే ఆర్డరూ పోతుంది, షెడ్డూ పోతుంది. శనివారం మీటింగులో తేలుతుంది. ఇదంతా ఆఫీసువాళ్ళు ఇచ్చిన కాగితంలో ఉంది, నేనే చదివి వినిపించాను.

ఆ రోజు ఈయన తడిసి ముద్దయి వచ్చారు. కుండపోత వాన. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. గీకడానికి వీల్లేక, అలాగే వరండాలో ఆరబెట్టాను. మర్నాడు పొద్దున్నే రిపోర్టు.

"గేటు దగ్గర ఫోను లాక్కున్నారు. గంట కూర్చోబెట్టారు. లోపలికి పంపేసరికి నాలుగున్నర. నాలుగు డబ్బాలు చూశాను, నాలుగూ కడిగినట్టు ఖాళీ. నేల ఊడ్చేసి ఉంది. అచ్చం ఆ అన్నదమ్ముల కథే. రాసుకో, షెడ్డులో లోహపు రజను కూడా లేదు, ఉత్పత్తి జరగడం లేదు" అన్నారు.

"ఓనరమ్మని అడక్కపోయారా, ఎందుకు ఖాళీగా ఉన్నాయో?"

"ఏమైనా అడగాలా సార్ అని ఆవిడే అడిగింది. నేనెప్పుడైనా అడిగానా?"

టైపు చేశాను. పంపేశాం.

గురువారం ఎండ వచ్చింది. వరండాలో పేపరు పరిచి, బూట్లు బోర్లించి, స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. మొదటి గీకుకే టిక్కుమని ఒకటి రాలింది. తర్వాత ఇంకొకటి. చిన్న చిన్న మెలికలు, బూడిద రంగులో మెరుస్తూ. రెండు బూట్లకీ కలిపి చెంచాడు వచ్చాయి. ఎప్పట్లా పేపరు మడిచేదాన్నే. కానీ ముందురోజు నా వేళ్ళతో నేనే కొట్టిన మాట కళ్ళ ముందు కనపడింది. లోహపు రజను కూడా లేదు.

పేపరు అలాగే తీసుకెళ్ళి ఆయన కంచం పక్కన పెట్టాను.

"షెడ్డులో రజను కూడా లేదన్నారు. మరి ఇవెక్కడివండీ?"

"రోడ్డు మీదవయ్యుంటాయి."

"రోడ్డు మీద మెలికలు తిరిగిన పొట్టు ఏ మహానుభావుడు పోస్తాడు?"

"భోజనం చెయ్యనిస్తావా లేదా?" అని ఒంటికాలి మీద లేచారు. తినేది మాత్రం లేదు, కంచంలో వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. లేచి చెయ్యి కడుక్కుని, అయస్కాంతం తీసి పొట్టులో తిప్పారు. ఒక్కటీ అంటలేదు. కాస్త లావుపాటి ముక్క ఏరి, టైలు తడిపి గీశారు. వేలితో రుద్దారు, తువ్వాలుతో రుద్దారు, చివరికి నా గిన్నెలు తోమే పీచు తెచ్చి రుద్దారు. గీత పోలేదు.

శుక్రవారం పొద్దున్నే మళ్ళీ ఆ షెడ్డుకి బయల్దేరారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక చోటికి రెండోసారి వెళ్ళడం అదే మొదలు. సాయంత్రం వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డారు.

"అడక్కపోయారా అన్నావుగా. అడిగాను" అన్నారు.

అక్కడ పద్ధతి వేరట. సైన్యం పని కాబట్టి తుక్కు కూడా బయటపడకూడదు. సాయంత్రం నాలుగు కొట్టగానే యంత్రాలు ఆపి, డబ్బాలన్నీ గుమ్మరించి, తూకం వేసి, గోనెల్లో కట్టి సీలు వేసి స్టోరులో ఇచ్చేయాలి. చీపురుకి అందని సందుల్లో మిగిలినవే ఈయన తడి బూట్లకి ఇరుక్కున్నాయి. ఎందుకయ్యా అంత జాగ్రత్త అని ఈయన స్టోరు చూసే ముసలాయన్ని అడిగారట.

"ఏమన్నాడు?"

"పొట్టు చూసి లోపల ఏం తయారవుతోందో చెప్పేసే మనుషులు ఉంటారు సార్, వాళ్ళ కంట పడకూడదనే అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"నా కోసమే పెట్టిన రూలేనే అది. నాలాంటి వాడి కోసమే. ఆ రూలు పాటించారని వాళ్ళని దొంగల్ని చేశాను" అన్నారు. ఆయన కంట నీళ్ళు నేను చూసింది మా అత్తగారు పోయిన రోజు, మళ్ళీ ఆ రోజు.

రిపోర్టు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాయాలి. నేను టైపు దగ్గర కూర్చోబోతే "ఇది నేనే కొడతాను, లే" అన్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒంటి వేలితో, నాలుగు వాక్యాలకి ముప్పావుగంట పట్టింది. నేను చూసింది తప్పు కాదు, అనుకున్నది తప్పు, కనుక్కోవాల్సింది కనుక్కోలేదు అని రాశారు. రెండు చోట్ల ఒత్తులు ఎగిరిపోయాయి. దిద్దుతానంటే ఒప్పుకోలేదు.

శనివారం మీటింగుకి ముందే మేనేజరు చేతిలో పెట్టారు. ఆ అబ్బాయికి మా అల్లుడి వయసుంటుంది. మంచివాడే. తలుపు వేసి చెప్పాడట.

"సార్, ఇది తీసుకుంటే మీ పాత రిపోర్టులన్నిటి మీదా చెయ్యి పడుతుంది. ఇన్నేళ్ళలో ఇంకెన్ని ఇలా ఉన్నాయని పైవాళ్ళు అడుగుతారు. నాలుగు నెలల్లో వెళ్ళిపోతున్నారు, ఎందుకు సార్ ఇది?"

"అక్కడ అరవై మంది ఉన్నారయ్యా" అని ఈయన కుర్చీలోంచి లేవలేదట.

ఉత్తరం మీటింగులోకి వెళ్ళింది. వేరే వాళ్ళని పంపి షెడ్డు మళ్ళీ చూడమన్నారు, రెండు వారాలకి డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఓనరమ్మ ఫోను చేసి "చాలా థాంక్సండీ" అంటే, ఈయన "మీరు నన్ను తిట్టాలమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆఫీసు నుంచి ఈయనకి ఇంకో పని రాలేదు. ఈ నాలుగు నెలలూ విశ్రాంతి తీసుకోండి సార్ అన్నారు, మర్యాదగానే.

విశ్రాంతి ఏమిటి, నరకం. పొద్దున లేచింది మొదలు ఆ వాష్‌బేసిన్ ముందు నిలబడేవారు. ఏమిటండీ అంటే ఏమీ లేదు అనేవారు. పది రోజులయ్యాక తనే నోరు విప్పారు.

"ఆ అన్నదమ్ములు చేసిందీ ఉపగ్రహాల పనే కదే. వాళ్ళకీ ఆ రూలు ఉండి ఉంటే?"

నిజమే. వాళ్ళ డబ్బా కూడా సాయంత్రమే ఖాళీగా కనపడింది.

ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఇప్పుడది పరుపుల గోడౌను. వాచ్‌మన్‌కి పాత సంగతులు తెలియవు, లోపల చూసుకోండి అన్నాడు. పరుపుల వరసల మధ్య ఇరుకు దారి. యంత్రం ఉన్న చోట నేల మీద నాలుగు బోల్టు గుంటలు మిగిలాయి. ఈయన మోకాళ్ళు పట్టుకుని వంగి, టార్చి వేసి, ఆ గుంటల్లో, నేల పగుళ్ళలో గంటసేపు వెతికారు. దుమ్ము తప్ప ఏమీ లేదు. పైకి లేస్తుంటే నా భుజం పట్టుకున్నారు.

"ఏమీ లేదే. టైటానియం తుప్పు పట్టదు, కోసి ఉంటే ఒక్క ముక్కైనా దొరకాలి. నేను రాసిందే నిజం" అన్నారు. బస్సులో నా పక్కన కూర్చుని నెల తర్వాత మొదటిసారి కునుకు తీశారు. ఇంటికొచ్చాక కూడా బూట్లు గుమ్మంలో విప్పి, తిన్నగా వెళ్ళి మంచమెక్కి గురకపెట్టారు. పోనీలే, ఒక బరువు దిగింది అనుకున్నాను.

అలవాటు కొద్దీ పేపరు పరిచాను. బూట్లు బోర్లించి గీకుతుంటే మట్టి, దూది, ఒక పరుపు దారం వచ్చాయి. మడమ దగ్గర గాడిలో ఏదో గట్టిగా తగిలింది. స్క్రూడ్రైవరుతో ఎత్తితే టిక్కుమంది. గోరంత మెలిక. దుమ్ము తుడిస్తే బూడిద రంగులో మెరిసింది.

పన్నెండేళ్ళ నాటి సాయంత్రం ఉన్నట్టుండి నాకు గుర్తొచ్చింది. ఆ రోజు వాన లేదు. ఈయన గుమ్మంలో బూట్లు విప్పారు, నేను గీకాను, పేపరు మడిచి చెత్తబుట్టలో వేశాను. తర్వాత చేతులు కడుక్కుని కూర్చుని, ఇక్కడ టైటానియం ఒక్కసారైనా కోసిన దాఖలా లేదు అని టైపు చేశాను. ఆ దాఖలా నా చేతుల మీదుగానే పోయింది.

టైలు తడిపి, పాత గీత పక్కనే గీశాను. ముందు చేత్తో రుద్దాను. తర్వాత పీచుతో రుద్దాను. చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దాను. దాచేద్దామని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. ఆ మనిషి ఇవాళే కదా నిద్రపోయాడు అనిపించింది. సబ్బుపెట్టె జరిపి గీతకి అడ్డం పెట్టాను. మళ్ళీ నేనే తీసేశాను.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచాను.

కళ్ళు నులుముకుంటూ వచ్చారు. టైలు చూశారు, నా చేతిలో ముక్క చూశారు. నేల మీద పేపరు, బోర్లించిన బూట్లు చూశారు. ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఆ రోజు కూడా నేనే గీకానండీ. చూడకుండా పారేశాను" అన్నాను. అంతవరకే అనగలిగాను, తర్వాత ఏడుపొచ్చింది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. చాలాసేపు ఆ గీత మీద బొటనవేలు ఆడించారు.

"ఊరుకోవే. ఆ రిపోర్టు నేనొక్కణ్ణే రాశాననుకున్నాను ఇన్నాళ్ళూ. మనిద్దరం కలిసే రాశాం" అన్నారు. స్టూలు మీంచి లేస్తూ, "వాళ్ళిద్దరూ ఇప్పుడెక్కడున్నారో కనుక్కోవాలి. ఎవర్నడిగితే తెలుస్తుందంటావ్?" అన్నారు.

ఆయన ఒకర్ని అడుగుదామనడం నేను ఇంట్లో వినడం అదే మొదటిసారి. ముక్కని కాగితంలో చుట్టి ఆయన చొక్కా జేబులో పెట్టాను. పేపరు మడిచి, బూట్లు మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టాను.